పేరు చెప్పకముందే

హైదరాబాదు తార్నాకలో గది కోసం తిరిగేవాళ్లకు ఒక సంగతి త్వరగానే అర్థమవుతుంది. గేటుకు వేలాడే టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే, అద్దె ఎంతో తెలిసేలోపే అవతలి నుంచి ప్రశ్నలు మొదలవుతాయి. ఫ్యామిలీయా, బ్యాచిలర్సా? ఏ ఊరు? ఓయూలో చదువుతున్నారా, కోచింగా? నాన్‌వెజ్ తింటారా? కాస్త మొహమాటం ఉన్న ఓనరైతే ఇంటిపేరు అడిగి ఊరుకుంటారు. అది లేనివాళ్లు "మీరేమిట్లు?" అని సూటిగానే అడుగుతారు. మంజీరా నీళ్లు రోజూ వస్తాయా, బండి పెట్టుకోవడానికి చోటుందా అని అడగాల్సినవాడు తన పుట్టుపూర్వోత్తరాలు అప్పజెప్పుకుంటూ ఉంటాడు. చివరికి "మా తమ్ముడు కూడా వస్తానంటున్నాడు, చూసి చెప్తాం" అన్న జవాబు వస్తే, తమ్ముడనేవాడు లేడని ఇద్దరికీ తెలుసు.

ఇదేమీ చదువులేని పేట కాదు. ఒక పక్క ఉస్మానియా విశ్వవిద్యాలయం (ఓయూ), దాని ఒళ్లోనే ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ, ఎదురుగా జాతీయ పోషకాహార సంస్థ, హబ్సిగూడ దారిలో ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్ఐ వంటి పరిశోధన సంస్థలు. ఆదిలాబాద్ నుంచీ శ్రీకాకుళం నుంచీ, మణిపూర్ నుంచీ ఆఫ్రికా దేశాల నుంచీ పిల్లలు వచ్చి ఈ వీధుల్లోనే గదులు వెతుక్కుంటారు. మనుషుల్ని మనుషులు ఎలా తూకం వేస్తారో చూడాలంటే ఇంతకంటే మంచి చోటు దొరకదు.

మనస్తత్వ శాస్త్రం ఆ ఫోన్ సంభాషణలో మూడు వేర్వేరు సంగతుల్ని చూస్తుంది. ఫలానావాళ్లు ఇలా ఉంటారన్న నమ్మకం ఒకటి, అది మూస అభిప్రాయం. వాళ్లంటే కలిగే అయిష్టమో బెరుకో చిన్నచూపో మరొకటి, దాన్ని దురభిప్రాయం అందాం. ఇల్లు ఇవ్వకపోవడం, మార్కులు తగ్గించడం, పక్కన కూర్చోకపోవడం మూడోది, అది వివక్ష. మొదటిది తలలో ఉంటుంది, రెండోది మనసులో, మూడోది చేతల్లో. ఈ మూడూ వరుసగా ఒకదాన్నొకటి లాక్కొస్తాయనీ, కాబట్టి తల మారిస్తే చేతలు వాటంతటవే మారతాయనీ సభల్లో తరచూ వింటుంటాం. దాదాపు తొంభై ఏళ్ల పరిశోధన అంత తేలిగ్గా ఒప్పుకోవడం లేదు. చేతలు మనసు అనుమతి లేకుండానే జరిగిపోగలవు. పని జరిగే పద్ధతి మారితే, మనసు తీరిగ్గా వెనకాల రాగలదు.

ఫోన్లో కనబడేది ఏమీ లేదు కాబట్టి చెవితో మొదలుపెడదాం.

1960లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో వాలస్ లాంబర్ట్ బృందం ఒక గడుసు ప్రయోగం చేసింది. ఫ్రెంచి, ఇంగ్లిషు రెండూ సొంతభాషలుగా మాట్లాడేవారి చేత ఒకే విషయాన్ని రెండు భాషల్లోనూ చదివించి రికార్డు చేశారు. ఆ గొంతుల్ని కలగలిపి విద్యార్థులకు వినిపించి, ఈ మనిషి తెలివైనవాడా, నమ్మదగినవాడా, ఎత్తుంటాడా, అందగాడా అని అడిగారు. ఒకే మనిషిని రెండుసార్లు వింటున్నామని విద్యార్థులకు తెలియదు. ఇంగ్లిషులోకి మారగానే అదే మనిషికి తెలివి పెరిగింది, ఎత్తు కూడా పెరిగింది! ఇంగ్లిషు విద్యార్థులు అలా అనడంలో వింతేమీ లేదు. ఫ్రెంచి విద్యార్థులు సైతం తమ భాష గొంతుల్నే తక్కువ చేశారు, అదీ ఇంగ్లిషువాళ్లకంటే ఎక్కువగా. ఆ ఊళ్లో జనాభా లెక్కన ఫ్రెంచివాళ్లే ఎక్కువ. కంపెనీలు, కొలువులు, డబ్బు మాత్రం ఇంగ్లిషువాళ్ల చేతిలో ఉండేవి.

కెనడా సంగతి చదువుతుంటే ఓయూ హాస్టళ్లలో ఉన్నవాళ్లకు తమ సంగతే గుర్తొస్తుంది. ఊళ్లో ఉన్నంతసేపూ ధారాళంగా మాట్లాడి, సెమినార్ హాల్లోకి రాగానే "వస్తున్న సార్" అనబోయి ఆగి "వస్తున్నానండీ" అని సర్దుకున్న తరాలు ఈ క్యాంపస్‌లో ఎన్నో ఉన్నాయి. వాళ్ల మాటను ఎవరో వచ్చి రోజూ వెక్కిరించనక్కర్లేదు. తమ గొంతును తామే తక్కువగా వినడం అలవాటైపోతుంది.

భాషాశాస్త్రం వైపు నుంచి ఈ తక్కువ, ఎక్కువలకు ఆధారం లేదు. ఆ మాట చెప్పినవారూ ఇదే క్యాంపస్‌వారు. 1962లో ఉస్మానియాలో భాషాశాస్త్ర ఆచార్యుడైన భద్రిరాజు కృష్ణమూర్తి, రైతుల నోటి మాటలు ఊరూరా సేకరింపజేసి మాండలిక వృత్తిపదకోశానికి నాంది పలికారు. తెలుగు నేలను ఆయన నాలుగు మాండలిక మండలాలుగా గుర్తించారు. ఉత్తరాన తెలంగాణ, దక్షిణాన రాయలసీమ, నెల్లూరు, తూర్పున విశాఖ, శ్రీకాకుళం, మధ్యన కృష్ణా, గోదావరి, గుంటూరు. ఈ నాలుగింటిలో ఏదీ మరొకదాని చెడిపోయిన రూపం కాదు. దేని నియమాలు దానివే. కాకపోతే పాఠ్యపుస్తకం, పత్రిక, రేడియో, సినిమా అన్నీ కలిసి మధ్య మండలాన్ని ఎంచుకున్నాయి. రెండున్నర జిల్లాల భాషను అందరి నెత్తినా రుద్దారని కవి కాళోజీ విసుక్కున్నది అందుకే. అప్పట్లో ఉస్మానియా పరిధిలో ఉన్న కోఠి మహిళా కళాశాలలో తెలుగు చెప్పిన పాకాల యశోదారెడ్డి తన ఊరి మాటల్లోనే కథలు రాసినప్పుడు, అది సాహిత్య ప్రయోగం మాత్రమే కాదు, ధిక్కారం కూడా.

అన్నిటికంటే గట్టిగా పనిచేసింది సినిమా. హీరో ఏ జిల్లావాడైనా మధ్యకోస్తా శిష్టభాషే మాట్లాడేవాడు. తెలంగాణ యాస రౌడీకి, తాగుబోతుకు, నవ్వించే పనివాడికి దక్కేది. 1985 నాటి ‘ప్రతిఘటన’లో కోట శ్రీనివాసరావు వేసిన కాశయ్య పాత్రను చూసి జనం విరగబడి నవ్వారు. నటన గొప్పది, అందులో సందేహం లేదు. కానీ ఆ పాత్ర విజయం తర్వాత తెరమీద ఆ యాసకు దుర్మార్గంతోనో వెకిలితనంతోనో తప్ప మరో పొత్తు లేకుండా పోయింది. ‘మా భూమి’ లాంటివి వేళ్లమీద లెక్కపెట్టే మినహాయింపులు.

తెరమీద అరుదైన ఆ యాసలాగే, అరుదుగా ఎదురయ్యే మనుషులు, అరుదైన చెడ్డపని రెండూ కలిసి కనబడితే ఏమవుతుందో 1976లో డేవిడ్ హామిల్టన్, రాబర్ట్ గిఫర్డ్ చూపించారు. పేర్లు లేని రెండు గుంపుల మనుషుల గురించి వాక్యాలు చదివించారు. పెద్ద గుంపు గురించి 26 వాక్యాలు, అందులో 18 మంచి పనులు, 8 చెడ్డ పనులు. చిన్న గుంపు గురించి 13 వాక్యాలు, 9 మంచివి, 4 చెడ్డవి. నిష్పత్తి రెండింటికీ ఒకటే. అయినా చదివినవాళ్లు చిన్న గుంపులోనే చెడ్డవాళ్లు ఎక్కువని గుర్తుపెట్టుకున్నారు. తక్కువగా తగిలే మనిషి, తక్కువగా జరిగే తప్పు ఒకేసారి ఎదురైతే మన జ్ఞాపకం ఆ జతను విడిగా దాచుకుంటుంది. "ఒకసారి ఫలానావాళ్లకు ఇల్లిచ్చి పడ్డ పాట్లు చాలు, అనుభవం మీద చెప్తున్నా" అనే ఓనరు అబద్ధమాడటం లేదు. ఆయన అనుభవంలో ఇల్లు పాడుచేసిన తన కులంవాళ్లూ ఉండే ఉంటారు. వాళ్లు మనుషులుగా గుర్తుంటారు, కులంగా గుర్తుండరు.

యాస పట్ల మొగ్గు మనలో ఎప్పుడు మొదలవుతుంది? క్యాథరీన్ కింజ్లర్, ఎలిజబెత్ స్పెల్కీ బృందం 2007లో ప్రచురించిన ప్రయోగాల్లో పది నెలల పిల్లలు తమ ఇంటి భాష మాట్లాడిన మనిషి చూపించిన బొమ్మనే అందుకున్నారు. అయితే సహజమేనన్నమాట అని సమాధానపడటానికి వీల్లేదు. తెలిసిన గొంతు దగ్గరికి పోవడం వేరు, తెలియని గొంతును నీచంగా చూడటం వేరు. ఆ రెండో మెట్టు ఎప్పుడు ఎక్కుతామో కింజ్లరే మరో పరిశోధనలో పట్టుకున్నారు. అమెరికాలో దక్షిణాది యాసకు మొరటుదన్న పేరుంది. ఉత్తరాన ఇల్లినాయ్, దక్షిణాన టెనెసీ పిల్లలకు రెండు యాసలూ వినిపించారు. అయిదారేళ్ల వయసులో దక్షిణాది పిల్లలకు ఏ యాస మీదా పక్షపాతం కనబడలేదు. తొమ్మిది, పదేళ్లు వచ్చేసరికి రెండు రాష్ట్రాల పిల్లలూ ఒకే మాట చెప్పారు: తెలివైనవాళ్లు, పెత్తనం చేసేవాళ్లు ఉత్తరాది యాసవాళ్లు, మంచివాళ్లు దక్షిణాది యాసవాళ్లు. టెనెసీ పిల్లలూ అదే అన్నారు. మధ్యలోని ఆ నాలుగేళ్లలో వాళ్లకెవరూ ఆ పాఠం చెప్పలేదు. టీవీలో వార్తలు చదివేది ఎవరో, కామెడీ చేసేది ఎవరో చూస్తూ పెరిగారంతే.

ఇంకో విడ్డూరం. యాస ఎప్పుడూ మాట్లాడేవాడి నోట్లోనే ఉండదు. 1992లో డొనాల్డ్ రూబిన్ అమెరికన్ విద్యార్థులకు ఒకే అమెరికన్ గొంతు చెప్పిన పాఠాన్ని వినిపించారు. కొందరికి తెల్లజాతి టీచరు ఫోటో, కొందరికి ఆసియా టీచరు ఫోటో చూపించారు. ఆసియా ముఖం చూసినవాళ్లకు లేని యాస వినిపించింది, పాఠం కూడా తక్కువగా అర్థమైంది. ఇఫ్లూలో ఈశాన్య రాష్ట్రాల విద్యార్థులు తార్నాక దుకాణాల్లో చక్కటి హిందీయో తెలుగో మాట్లాడినా "ఏ దేశం మీది?" అనిపించుకోవడం వెనక ఇలాంటి చెవి ఉంది. కళ్లు ముందే తీర్పు చెప్పేశాక చెవి సంతకం పెడుతుంది.

ఇప్పుడు ఈ యాస కథలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించే మలుపుకు వద్దాం. ప్రయోగశాలలో ఎవరూ చేయలేని ప్రయోగం ఒకటి మన కళ్లముందే జరిగింది. 1969లోనూ, మళ్లీ 2009 చలికాలంలోనూ ప్రత్యేక తెలంగాణ కోసం ఓయూ ఆర్ట్స్ కాలేజీ ముందు చేరిన విద్యార్థుల నినాదాల్లో నీళ్లు, నిధులు, నియామకాలతోపాటు ఈ వెక్కిరింత మీద కోపమూ ఉంది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవమైంది. మంత్రులు, అధికారులు, టీవీ యాంకర్లు ఆ యాసలో మాట్లాడటం రోజువారీ దృశ్యమైంది. 2016లో ‘పెళ్లిచూపులు’, 2017లో ‘ఫిదా’, 2023లో ‘బలగం’. ఫిదాలో హీరోయినే తెలంగాణ యాసలో మాట్లాడితే కోస్తా జిల్లాల్లోనూ జనం ముచ్చటపడ్డారు. ముప్పై ఏళ్ల కిందట మొరటుగా వినిపించిన ధ్వని ఇప్పుడు ముద్దుగా వినిపిస్తోంది. అచ్చులు మారలేదు, హల్లులు మారలేదు. ఆ మాట మాట్లాడేవాళ్ల చేతికి అధికారం వచ్చింది. లాంబర్ట్ ఫలితాన్ని తిరగేసి చూపించినట్టయింది.

కాబట్టి ప్రేక్షకుల హృదయాలు ఉదాత్తమైపోయాయని నేననుకోను. ఇదే కాలంలో శ్రీకాకుళం యాస కామెడీకి పనికొస్తూనే ఉంది. లంబాడా, గోండు పిల్లల తెలుగు ఎక్కడా హీరో తెలుగు కాలేదు. వెటకారం పోలేదు, చిరునామా మార్చుకుంది.

అసలు ‘మనోళ్లు’ అనుకోవడానికి పెద్ద కారణం కూడా అక్కర్లేదని తేల్చినవాడు హెన్రీ తాజ్‌ఫెల్. పోలండ్‌లో పుట్టిన యూదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో ఉండి జర్మన్లకు చిక్కాడు. పోలండ్ యూదునన్న సంగతి బయటపడితే ప్రాణం దక్కేది కాదు, దాచిపెట్టి బతికాడు. ఏ వర్గం మనిషివన్న ఒక్క ప్రశ్న మీద బతుకు, చావు వేలాడటం చూసినవాడు కాబట్టే కాబోలు, ఆ ప్రశ్నను అత్యంత నిస్సారమైన రూపంలో పరీక్షించాడు. 1963లో అలన్ విల్క్స్‌తో కలిసి ఎనిమిది గీతలు చూపించి పొడవు అంచనా వేయమన్నాడు. పొట్టి నాలుగింటికి ఒక అక్షరం, పొడుగు నాలుగింటికి మరో అక్షరం తగిలించగానే జనం రెండు గుంపుల మధ్య ఉన్న తేడాను పెంచి చెప్పారు. ఉట్టి గీతలకే ఈ గతి పడితే మనుషుల మాట చెప్పాలా! తర్వాత 1970లో బ్రిస్టల్ బడి పిల్లల్ని, ఇద్దరు చిత్రకారుల బొమ్మల్లో ఎవరివి నచ్చాయన్న సాకుతో రెండు జట్లుగా విడదీశాడు. నిజానికి అది చీటీలేసి తీసిన విభజన. తమ జట్టులో ఎవరున్నారో పిల్లలకు తెలియదు, తమకు వచ్చే లాభమూ లేదు. అయినా డబ్బు పంచమంటే తమ జట్టుకు ఎక్కువ ఇచ్చారు. రెండు జట్లకూ ఎక్కువ వచ్చే దారి ఉన్నా, అవతలి జట్టుకంటే పైన ఉండటం కోసం తమవాళ్లకు కాస్త తక్కువ రావడానికీ కొందరు సిద్ధపడ్డారు.

హైదరాబాదులో ఈ గీతలు ఎన్నిసార్లు గీశారో, ఎన్నిసార్లు చెరిపి మళ్లీ గీశారో. స్థానికుడైన ముల్కీ, బయటివాడైన నాన్‌ముల్కీ. ఆంధ్రా, తెలంగాణ. ఒకవైపు తెలంగాణవాళ్లు సోమరులు, పొద్దున్నే లేవడం మేమే నేర్పామన్న మాట. ఇంకోవైపు నలభై ఏళ్లుగా ఇక్కడే ఉండి, పిల్లల్ని ఇక్కడే కని పెంచినవాళ్లకు సైతం ‘సెట్లర్’ అన్న ముద్ర. రెండింటిలో ఏదీ ఒక మనిషిని చూసి చెప్పిన మాట కాదు.

గీత ఇంత పలచనిదైతే మనకంత గట్టిగా ఎందుకు అనిపిస్తుంది? పుట్టుకతోనే లోపలేదో తేడా ఉంటుందని నమ్ముతాం కాబట్టి. రామస్వామి మహాలింగం తమిళనాడులో చేసిన పరిశోధనలో ఈ నమ్మకం బ్రాహ్మణుల్లో బలంగానూ, దళితుల్లో బలహీనంగానూ కనిపించింది. గీతకు పైనున్నవాడికి అది ప్రకృతి గీసినట్టు, కిందున్నవాడికి మనిషి గీసినట్టు కనబడటం సహజమే కదా. ఈ విషయంలో సైన్సు జవాబు తార్నాకకు అతి దగ్గరలోనే దొరికింది. సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందం 2009లో 25 భారతీయ సమూహాల జన్యువుల్ని పోల్చింది. 2013లో మరిన్ని సమూహాలతో ఇంకాస్త ముందుకెళ్లింది. సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి మధ్యకాలంలో ఈ దేశంలో జనం విస్తారంగా కలిసిపోయారు. పై కులాల్లోనూ, కింది కులాల్లోనూ, ఆదివాసుల్లోనూ ఆ కలయిక ఆనవాళ్లున్నాయి. సొంత కులంలోనే పెళ్లి అన్న కట్టుబాటు ఆ తర్వాత బిగిసింది. అంటే తలుపులు మూయకముందు అందరూ ఒకే ఇంట్లో తిరిగినవాళ్లే. ఈ ఫలితాలు పత్రికల్లో వచ్చాయి, తార్నాకలో చదవనివాళ్లు తక్కువ. టులెట్ ప్రశ్నలు మాత్రం మారలేదు. తెలియకపోవడం ఒక్కటే జబ్బయితే ఈ పేటలో ఎప్పుడో నయమైపోయేది.

తెలిసినదానికీ, చెప్పేదానికీ, చేసేదానికీ మధ్య ఉన్న ఎడాన్ని మొదట కొలిచినవాడు రిచర్డ్ లాపియర్. 1930ల మొదట్లో, చైనీయుల మీద ద్వేషం బాహాటంగా ఉన్న రోజుల్లో, ఆయన ఒక చైనా యువజంటతో కలిసి అమెరికా అంతా కారులో తిరిగాడు. 251 హోటళ్లు, భోజనశాలల్లో అడుగుపెడితే ఒక్కచోట మాత్రమే పొమ్మన్నారు. కొన్ని నెలల తర్వాత అవే చోట్లకు, చైనీయుల్ని రానిస్తారా అని ఉత్తరాలు రాశాడు. జవాబిచ్చినవారిలో 90 శాతానికి పైగా రానివ్వం అన్నారు. ఉత్తరానికి జవాబు రాసినవాడూ, కౌంటర్లో నిలబడ్డవాడూ ఒకరేనా అన్న విమర్శ ఉంది, న్యాయమైనదే. అయినా ఎడం ఎడమే. తార్నాకలో ఇది తలకిందులుగా నడుస్తుంది. "మాకలాంటి పట్టింపులేం లేవండీ, పిల్లలు మంచివాళ్లయితే చాలు" అన్న ఇంట్లోనే గది దొరకదు. అక్కడ మాట కఠినం, చేత మెత్తన. ఇక్కడ మాట మెత్తన.

ఉస్మానియా 1953 జనవరిలో అంబేద్కర్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అంతకు ముప్పై ఆరేళ్ల ముందు, 1917లో, కొలంబియా, లండన్ చదువులతో బరోడాలో ఉద్యోగానికి వచ్చిన ఆయనకు ఊళ్లో గది దొరకలేదు. పారశీ పేరు చెప్పుకుని ఒక పారశీ సత్రంలో చేరితే, పదకొండో రోజు కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు. డిగ్రీలు ఆయన్ని కాపాడలేదు. పేరు మార్చుకుంటేనే తలుపు తెరుచుకుంది, నిజం తెలియగానే మూసుకుంది.

పేరు ఒక్కదాని బరువెంతో సుఖదేవ్ థోరట్, పాల్ అటివెల్ 2007లో లెక్కగట్టారు. 66 వారాలపాటు ఇంగ్లిషు దినపత్రికల్లో పడ్డ 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు, అనుభవం సమానం. తేడా అంతా పేర్లలోనే. పైకులం హిందూ పేరుతో పోలిస్తే, పిలుపు వచ్చే అవకాశపు నిష్పత్తి దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33. ఆ దరఖాస్తులు తిరగేసిన మేనేజర్లలో ఎంతమందికి మనసులో ద్వేషముందో మనకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. కాగితాల కట్ట పెద్దది, టైము తక్కువ, పేరు పైనే ఉంది.

ఇదంతా పడేవాడికి ఏమవుతుంది? కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిల్ని, పైకులాలవాళ్లు 321 మంది, అంటరానివిగా చూసిన కులాలవాళ్లు 321 మందిని తీసుకుని, కాగితం మీద చిక్కుదారులు ఛేదించమన్నారు. ఎవరు ఎవరో చెప్పనప్పుడు రెండు వర్గాలూ సమానంగా చేశాయి. అందరి ముందూ పేరు, తండ్రి పేరు, తాత పేరు, ఊరు, కులం చదివాక కింది కులాల పిల్లల ఫలితం దాదాపు అయిదో వంతు పడిపోయింది. తెలివి ఆ రెండు నిమిషాల్లో ఎక్కడికి పోయింది? మూసకు భయపడటం వల్ల ప్రతిభ కుంగుతుందన్న సిద్ధాంతాన్ని 1995లో క్లాడ్ స్టీల్, జాషువా అరన్సన్ ప్రతిపాదించారు. అమెరికాలో ఆ తరహా ప్రయోగాలు పెద్దయెత్తున మళ్లీ చేస్తే ప్రభావం చాలాసార్లు చిన్నదిగా తేలింది. అందుకని దాన్ని మంత్రంలా వాడటం నాకిష్టం లేదు. కానీ మన తరగతుల్లో "ఎస్సీ, ఎస్టీ స్కాలర్‌షిప్‌వాళ్లు లేచి నిలబడండి" అనే ప్రకటనకు ఏ సిద్ధాంతమూ అక్కర్లేదు. ఆ జాబితా నోటీసుబోర్డు మీదో ఫోన్లోనో హాల్‌టికెట్ నంబర్లతో పెడితే సరిపోతుంది. లేపడం ఎందుకు?

మార్పు మాటకొస్తే, సంస్థలకు తేలిగ్గా తోచేది అవగాహన సదస్సు. ఒక పూట ఉపన్యాసం, చివర్లో టీ, సర్టిఫికెట్. ఎలిజబెత్ పాలక్ బృందం 2021లో ఇలాంటి నాలుగు వందలకు పైగా ప్రయోగాల్ని తిరగేసి, చాలావరకు తేలికపాటివనీ, వాటి ఫలితం నెలలపాటు నిలుస్తుందనడానికి సాక్ష్యం పలచననీ చెప్పింది. లోపలి పక్షపాతాన్ని కంప్యూటర్ మీద మీటలు నొక్కించి కొలిచే 1998 నాటి పరీక్ష కూడా, ఒక మనిషి రేపు ఏం చేస్తాడో చెప్పడంలో బలహీనమే.

కలిసి ఉండటం పనిచేస్తుంది, కొన్ని షరతుల మీద. 1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ ఆ షరతులు చెప్పాడు. హోదా సమానం కావాలి, లక్ష్యం ఒకటి కావాలి, చేయి చేయి కలపాలి, పైవాళ్ల మద్దతుండాలి. ఊరికే పక్కపక్కన ఉంటే చాలదు. వడ్డెర బస్తీ అని పిలిచే మాణికేశ్వర్ నగర్ యూనివర్సిటీ గోడకు ఆనుకుని ఎన్నో దశాబ్దాలుగా ఉంది. ఆ గోడకు అటువాళ్లూ ఇటువాళ్లూ రోజూ ఎదురవుతూనే ఉంటారు, కానీ ఒక బల్ల దగ్గర కూర్చునే సందర్భం ఎన్నిసార్లు వచ్చింది?

ఆల్‌పోర్ట్ షరతుల్ని మన క్రికెట్‌తోనే పరీక్షించాడు మాథ్యూ లోవ్. ఉత్తరప్రదేశ్‌లో 1,261 మంది యువకులతో ప్రయోగం. కొన్ని జట్లలో ఒకే కులంవాళ్లు, కొన్నింట్లో కలగలుపు, అంతా చీటీల మీద. తన జట్టులో వేరే కులాలవాళ్లు ఎక్కువున్నవాడికి ఆటలు ముగిశాక వేరే కులాల స్నేహితులు పెరిగారు, సొంత కులానికి కొమ్ముకాయడం తగ్గింది. ప్రత్యర్థులుగా వేరే కులాలవాళ్లు ఎక్కువగా ఎదురైనవాడికి ఫలితం ఉల్టా. ఒకే బంతి, ఒకే మైదానం, ఎవరు ఎటువైపు నిలబడ్డారన్నదే తేడా. 2007 నుంచి ఢిల్లీ ప్రైవేటు బడులు పేద పిల్లలకు సీట్లివ్వాల్సి వచ్చినప్పుడు ఏమైందో గౌతమ్ రావు చూశారు. పేద సహాధ్యాయులతో చదివిన సంపన్న పిల్లలు, రిలే పరుగుకు జట్టు ఎంచుకోమంటే వేగంగా పరిగెత్తే పేద పిల్లవాణ్ని వదులుకోవడానికి తక్కువగా మొగ్గారు. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో చీటీల మీద గదులు కేటాయిస్తే, నల్లజాతి రూమ్మేట్ దొరికిన తెల్లజాతి విద్యార్థుల మూస అభిప్రాయాలు సడలాయి, నల్లజాతి విద్యార్థుల మార్కులు పెరిగాయి. ఓయూ హాస్టళ్లలో గదులు ఎవరు ఎవరితో పంచుకుంటారన్నది ఎక్కువగా ఊరు, సీనియర్, సంఘం కలిపి తేల్చే విషయం. అక్కడ చీటీలేయడం అంత తేలిక కాదు. బయటి నుంచి వచ్చినవాడికి సొంత ఊరివాళ్ల గది ధైర్యం కూడా కదా.

పరీక్షల సంగతి అంత కష్టమైంది కాదు. రీమా హన్నా, లీ లిండెన్ 2012లో మన దేశంలోనే ఒక ప్రయోగం ప్రచురించారు. పిల్లల జవాబు పత్రాల కాపీల మీద కులం, వయసు, ఆడామగా వివరాల్ని చీటీలేసినట్టు మార్చి మార్చి రాసి టీచర్ల చేత దిద్దించారు. జవాబు అదే అయినా కింది కులం అని ఉంటే మార్కులు కొంచెం తగ్గాయి. తేడా చిన్నదే, ఒక ప్రామాణిక విచలనంలో 0.03 నుంచి 0.08. చిత్రమేమిటంటే ఆ తగ్గింపు ఎక్కువగా కింది కులాల టీచర్ల దగ్గరే కనబడింది. మాంట్రియల్ ఫ్రెంచి విద్యార్థులు గుర్తొస్తున్నారా? మరొకటి కూడా కనబడింది. పక్షపాతం కట్టలో మొదట దిద్దిన పత్రాల్లో ఉంది. దిద్దుతూ పోయేకొద్దీ, ఏ జవాబుకు ఎంత వేయాలో చేతికి అలవాటయ్యేకొద్దీ అది తగ్గింది. కొలత స్పష్టంగా లేనప్పుడే మనసు మూసను అరువు తెచ్చుకుంటుంది.

యూనివర్సిటీ రాతపరీక్షల్లో జవాబు పత్రం మీద పేరుండదు, దిద్దేవారికి నంబరు కూడా తెలియకుండా కోడ్ వేస్తారు. వైవాకూ పీహెచ్‌డీ ఇంటర్వ్యూకూ కోడ్ లేదు, ఏ జవాబుకు ఎంత వేయాలో చెప్పే కీ కూడా లేదు. ముఖం, ఇంటిపేరు, యాస అన్నీ మార్కులకంటే ముందే గదిలోకి వస్తాయి. ఎయిమ్స్‌లో వివక్షపై 2007లో నివేదిక ఇచ్చిన థోరట్ కమిటీ ముందు దళిత, ఆదివాసీ విద్యార్థులు చెప్పుకున్న ఫిర్యాదుల్లో ఈ వైవాలూ ఉన్నాయి. అభ్యర్థులందరికీ ముందే రాసిపెట్టుకున్న అవే ప్రశ్నలు వేసి, ఒక్కో జవాబుకు అప్పటికప్పుడే మార్కు వేసే ఇంటర్వ్యూ, ఇష్టం వచ్చినట్టు మాటల్లో సాగే ఇంటర్వ్యూ కంటే నమ్మదగినదని ఉద్యోగ నియామకాల మీద జరిగిన పరిశోధనలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. ఇంటర్వ్యూ బోర్డు సభ్యులకు మార్కులు వేయడానికి ఎలాగూ తలా ఒక కాగితం ఇస్తారు. దాని మీద ప్రశ్నలు కూడా అచ్చేసి ఇవ్వాలంటే తార్నాక చౌరస్తాలో జిరాక్స్‌కు అయ్యే ఖర్చు తప్ప మరొకటి లేదు.